బాగు చేయించడం

(మాస్టారి తొలి వర్ధంతి నాడు చిత్తూరులో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



ఆహ్వానపత్రం మీద మాస్టారి పేరు లేదేమిటని పొద్దుటి నుంచి చాలామంది అడిగారు. రేపు ఈ ప్రసంగం అచ్చయినప్పుడు కూడా ఉండదు. అది ఆయన కోరిక. పేరు చెబితే ఇల్లు తెలుస్తుంది. ఇల్లు తెలిస్తే ఆ మేడమెట్లు ఎక్కిన పిల్లలెవరో తెలుస్తుంది. వాళ్లలో కొందరు ఇప్పటికీ తమ ఊళ్లలో నోరు విప్పకుండా బతుకుతున్నారు. ముప్పై ఏళ్లకు పైగా ఈ జిల్లా హైస్కూళ్లలో తెలుగు చెప్పిన మనిషి ఆయన. 2022 ఏప్రిల్‌లో మన పాత జిల్లా మూడు జిల్లాల్లోకి పంచుకుపోయినా, మాస్టారికి మాత్రం చివరిదాకా కుప్పం నుంచి శ్రీకాళహస్తి దాకా అంతా మన జిల్లానే. నేను ఆయన దగ్గర చదువుకున్నాను. తర్వాత తెలుగు లెక్చరర్‌నై, ఇంట్లో నిలువలేని పిల్లల కోసం ఆయన తన ఇంట్లో తెరిచి ఉంచిన మేడగది పనిలో, ఆయన చివరి పన్నెండేళ్లలో కొంత పాలుపంచుకున్నాను. ఈ రోజు ఆ మేడగది గురించే మాట్లాడతాను.

ఆ పిల్లల్ని ఆ గదికి తరిమిన పనిని ప్రపంచంలో చాలాచోట్ల కన్వర్షన్ థెరపీ అంటారు. మగపిల్లల మీద మనసు పోయే మగపిల్లవాణ్ణి, ఆడపిల్లను ప్రేమించే ఆడపిల్లను ప్రార్థనతోనో పూజతోనో మందుతోనో దెబ్బతోనో 'మామూలు' చేయాలనుకునే ప్రయత్నం. తిరుపతిలో కన్వర్షన్ అనగానే అందరూ మతమార్పిడి అనుకుంటారు కాబట్టి ఆ మాట ఇక్కడ పనికిరాదు. మన ఇళ్లలో దీనికి వేరే మాట ఉంది: బాగు చేయించడం. 'పిల్లోణ్ణి బాగు చేయించాల' అంటారు. మోటారు కాలిపోతే, రేడియో మూగబోతే వాడే మాటే అది. బోర్డు పెట్టుకుని నడిచే కేంద్రాలు మన దగ్గర తక్కువ. ఇక్కడ కుటుంబమే కేంద్రం. ఒక మొక్కు, ఒక తాయెత్తు, ఒక ఉపవాస ప్రార్థన, ఒక దర్గా, ఒక ఆశ్రమం, వీటిలో ఏదీ పని చేయకపోతే ఒక పెళ్లి. ఊరు ఊరంతా తలా ఒక సలహా ఇస్తుంది. బిడ్డను మార్చడానికి ఇంతమంది సాయం వస్తారు. ఆ బిడ్డ పక్కన కూర్చునే మనిషి ఒక్కరు దొరకరు.

ఆ పిల్లల్ని పిలవడానికి మన భాషలో మర్యాదైన మాట కూడా సరిగా ఏర్పడలేదు. 'తేడా' అంటారు. సినిమా హాల్లో ఆ మాటకు నవ్వుతారు. ఆ నవ్వుల మధ్య ఆ పిల్లవాడూ కూర్చుని ఉంటాడు, అందరితోపాటు నవ్వుతాడు, నవ్వకపోతే పట్టుబడిపోతానని. పత్రికలు రాసే 'స్వలింగ సంపర్కులు' అన్న మాట మాస్టారికి నచ్చేది కాదు. పదహారేళ్లవాడు ఇంకా ఎవరి చేయీ పట్టుకోకముందే తన మనసు ఎటు పోతోందో తెలుసుకుంటాడు, అందులో సంపర్కం ఏముందమ్మా అనేవారు. ఆ పిల్లలు తమను తాము గే అని చెప్పుకుంటున్నారు, లెస్బియన్ అని చెప్పుకుంటున్నారు. వాళ్లు ఎంచుకున్న మాటే నేనూ వాడతాను.

మాస్టారు మొదటి నుంచీ ఈ పిల్లల పక్కన నిలబడ్డ మనిషి కాదు. ఈ సంగతి చెప్పమని ఆయనే నాకు పదేపదే చెప్పారు.

1994లో ఆయన పదో తరగతి క్లాసులో ఒక అమ్మాయి ఉండేది. ఒకరోజు స్కూలు వదిలాక ఆగి, తన స్నేహితురాలిని వదిలి ఉండలేనని, తనకు పెళ్లి వద్దని, ఎవరికి చెప్పాలో తెలియక సారుకు చెబుతున్నానని అంది. మాస్టారు కోప్పడలేదు. ఈ వయసులో ఇలాంటివి వస్తాయి పోతాయి, చదువు మీద మనసు పెట్టు తల్లీ అన్నారు. అంతటితో ఆగినా సరిపోయేది. బిడ్డ మంచి కోరి వాళ్ల నాన్నను పిలిచి, కాస్త కనిపెట్టి ఉండమని చెప్పారు. మర్నాటి నుంచి ఆ పిల్ల బడికి రాలేదు. సరిహద్దు దాటి బంధువుల ఊరికి తీసుకుపోయారు. అక్కడ ఎవరో మంత్రించారు. ఎండాకాలం అయిపోయేలోపు పెళ్లి అయిపోయింది. అప్పటికి ఆ పిల్లకు పదిహేనేళ్లు.

చాలా ఏళ్ల తర్వాత చిత్తూరు బస్టాండులో ఆమే ఆయన్ను గుర్తుపట్టింది. ఇద్దరు పిల్లలు. వంగి కాళ్లకు దండం పెట్టింది. ఎలా ఉన్నావమ్మా అంటే 'బాగుండాను సార్' అంది. ఆ మాట చెప్పేటప్పుడు మాస్టారి గొంతు ప్రతిసారీ అక్కడే ఆగిపోయేది. నేను ఏ తప్పూ చేయలేదనుకున్నానమ్మా, ఉత్తరం చేరవేసినట్టు ఒక మాట చేరవేశానంతే, ఆ మాటే ఆ పిల్ల బతుకును తినేసింది అనేవారు. ఆయన తర్వాత పెట్టుకున్న మొదటి నియమం అక్కడినుంచే పుట్టింది: బిడ్డ చెప్పిన మాట బిడ్డదే. ఆ బిడ్డ అడగనిదే ఇంకో చెవికి పోకూడదు. కన్నవాళ్ల చెవికి కూడా.

ఇక రెండో బిడ్డ సంగతి. 2019. ఇంటర్ మొదటి సంవత్సరం, హాస్టల్లో ఉండి చదివే కాలేజీ. ఊరు పడమటి మండలాల్లో ఉంది, తండ్రి టమోటా రైతు. హాస్టల్లో రాత్రి ఒక ఫోన్ పట్టుబడింది. అందులో ఇంకో అబ్బాయికి రాసిన మెసేజీలు ఉన్నాయి. మర్నాడు మధ్యాహ్నానికి తండ్రి, మేనమామ వచ్చి పెట్టె సర్దించుకుపోయారు. ఆ ఎండాకాలంలో ఆ కుటుంబం తిరిగిన దారి మన జిల్లా మ్యాపు మీద గీయవచ్చు. జాతకంలో దోషం ఉందన్నారు, శ్రీకాళహస్తిలో రాహుకేతు పూజ చేయించారు. గాలి సోకిందన్నారు, తాయెత్తు కట్టించారు. తిరుమల కొండకు తీసుకుపోయి గుండు కొట్టించారు. తెలిసినవాళ్లెవరో చెబితే ఒక ప్రార్థనకు కూడా తీసుకుపోయారు. చివరికి ఒక ఆశ్రమంలో మండలం రోజులకు వదిలిపెట్టారు. తెల్లవారుజామున చన్నీళ్లు, ఒంటిపూట తిండి, రోజంతా ఒకే వాక్యం రాయడం, ఎదురు చెబితే బెత్తం. అక్కడికి పంపేముందు, కాణిపాకంలో ప్రమాణం చేయించారు.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఆ గుళ్లలో ఎవరూ మీ అబ్బాయిని మారుస్తామని చెప్పలేదు. అడిగిందీ, ఆశపడిందీ, భయపడిందీ ఇంటివాళ్లు. తిరుమలలో కళ్యాణకట్ట దగ్గర కూర్చునేవాళ్లు తమంతట తామే తలవంచుతారు. నేను మూడుసార్లు తలనీలాలు ఇచ్చాను, ఆ క్షణంలో ఎంత తేలికవుతామో నాకు తెలుసు. చేతులు పట్టుకుని తీసిన జుట్టు తలనీలాలు ఎలా అవుతుంది? మన పార్లమెంటు 2017లో చేసిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో, చికిత్సా కేంద్రాల్లో ఉన్నవాళ్లకు బలవంతంగా గుండు కొట్టించకూడదని ఒక మాట ఉంది. మనిషి తల ఆ మనిషిదే అని చట్టానికి కూడా రాసుకోవలసి వచ్చింది.

కాణిపాకం ప్రమాణం అంటే మన జిల్లాలో ఏమిటో మీకు చెప్పనక్కర్లేదు. అప్పు ఎగ్గొట్టినవాడూ, తాగుడు మానాలనుకున్నవాడూ, దొంగతనం మోపబడ్డవాడూ అక్కడికి వస్తాడు. అబద్ధం ఆడితే ఆ వినాయకుడు ఊరుకోడని నమ్మకం. ఆ పిల్లవాడి చేత, ఇకమీదట మగపిల్లల వంక చూడనని చెప్పించారు. వాడు దేవుణ్ణి నమ్మినవాడు. చిన్నప్పటి నుంచి చవితికి మట్టి వినాయకుణ్ణి తన చేత్తో చేసినవాడు. ఆ మాట తను నిలబెట్టుకోలేడని నోటితో పలుకుతున్నప్పుడే వాడికి తెలుసు. అందుకని ఆ రోజు నుంచి వాడి భయం నాన్న మీదా మామ మీదా కాదు. దేవుడు చంపేస్తాడు, లేదా అంతకుముందే నేనే పోవాలి అని. దెబ్బలు మానిపోతాయి. ఈ గాయం వేరు. కష్టంలో పిలుచుకోవడానికి ఉన్న ఒక్క దేవుణ్ణి వాడికి శత్రువుగా మార్చేశారు. బాగు చేయించడంలో అన్నిటికన్నా క్రూరమైనది ఇదేనని నేను నమ్ముతాను.

ఇరవై మూడో రోజున ఆశ్రమం గోడ దూకి, రెండు బస్సులు మారి, రాత్రి పదకొండుకు మాస్టారి తలుపు తట్టాడు. వాళ్ల అక్క ఒకప్పుడు మాస్టారి శిష్యురాలు. అడ్రసు ఆ అమ్మాయే ఇచ్చింది. మాస్టారు ఏమీ అడగలేదు. సద్దన్నంలో మజ్జిగ పోసి పెట్టారు. తిన్నాక వాడే చెప్పాడు, ప్రమాణం సంగతి కూడా.

అప్పుడు మాస్టారు వాడికి బాహుదా కథ చెప్పారు. కాణిపాకం పక్కన పారే ఏరు పేరు అది. శంఖుడు, లిఖితుడు అన్నదమ్ములు. యాత్రకు పోతూ ఆకలేసి తమ్ముడు ఒక తోటలో మామిడిపండు కోసుకున్నాడు. అన్న అతన్ని రాజుకు పట్టిచ్చాడు. రాజు చేతులు నరికించాడు. ఇద్దరూ వచ్చి ఆ ఏట్లో మునిగితే తమ్ముడి చేతులు తిరిగి వచ్చాయి. బాహువులు ఇచ్చింది కాబట్టి బాహుదా. ఈ కథ ఈ జిల్లాలో తెలియని బిడ్డ లేడు. మాస్టారు అన్నారు: 'నరికింది మనుషులు నాయనా. ఇచ్చింది దేవుడు. నువ్వు ఎవరికి భయపడతా ఉండావు?'

వాడు కాసేపు ఆలోచించి, 'అయితే నేనూ దొంగతనం చేసినట్టేనా సార్?' అని అడిగాడట.

'లేదు. తప్పు చేసినవాడికే చేతులు తిరిగిచ్చిన ఏరు అది. ఏ తప్పూ చేయని నిన్ను ఆ సామి ఎందుకు శిక్షిస్తాడు?'

ఆ రాత్రి వాడు నిద్రపోయాడు. మాస్టారు నిద్రపోలేదు.

ఇక్కడ కొంచెం చట్టం మాట్లాడాలి, ఎందుకంటే మంచి మనసున్నవాళ్లు తప్పు చేసేది ఇక్కడే. పదహారేళ్ల బిడ్డను తల్లిదండ్రులకు తెలియకుండా ఇంట్లో దాచిపెట్టడం సాయం కాదు. అది నేరం కింద కూడా పడుతుంది. 'దాచిపెడితే మనం దొంగలమవుతాం, వాడు దొంగసొత్తవుతాడు' అన్నారు మాస్టారు. అప్పుడే బాలల సహాయ నంబరు 1098కి ఫోన్ చేశారు. వకీలుగా ఉన్న ఒక పాత శిష్యుణ్ణి లేపారు. ఇంటికి దూరమై దొరికిన బిడ్డ గురించి 24 గంటల్లో తెలియజేయాలని 2015 నాటి బాలల న్యాయ చట్టం చెబుతుంది. మర్నాడు ఉదయం వాణ్ణి బాలల సంక్షేమ సమితి ముందుకు తీసుకుపోయారు. వాడి వీపు మీది గుర్తులు వాళ్లు చూశారు. సంరక్షణలో ఉన్న బిడ్డను హింసించడం, శారీరకంగానైనా మానసికంగానైనా, అదే చట్టం 75వ సెక్షన్ కింద శిక్షార్హం. కేసు పెడతారా అని అడిగితే పిల్లవాడు వద్దన్నాడు. నాన్నను జైల్లో వేయించాలని వాడు పారిపోయి రాలేదు. తిరుపతిలో ఉన్న అక్క దగ్గర ఉండి చదువుకోవాలన్నది వాడి కోరిక. అదే జరిగింది.

ఈ కొన్నేళ్లలో న్యాయస్థానాలు చాలా దూరం నడిచాయి. 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు ఇలాంటి ప్రేమను నేరంగా చూసిన 377వ సెక్షన్ కోరలు తీసింది, అది అందరికీ తెలుసు. 2021 జూన్ 7న మద్రాసు హైకోర్టులో జస్టిస్ ఎన్. ఆనంద్ వెంకటేశ్ ఇచ్చిన ఉత్తర్వు అంతగా తెలియదు. మదురై నుంచి పారిపోయి వచ్చిన ఇద్దరు అమ్మాయిల కేసు అది. ఈ విషయం మీద తన అవగాహన చాలదని ఆ న్యాయమూర్తి ఒప్పుకుని, తనే ఒక సైకాలజిస్టు దగ్గర కూర్చుని నేర్చుకున్నారు. తర్వాత తీర్పు రాశారు. లైంగికతను మారుస్తామనే వైద్య ప్రయత్నాలను నిషేధించారు. నాకు తెలిసిన తీర్పులన్నిటిలో మాస్టారికి ఇష్టమైనది అదే, నాకూ అదే: పెద్ద కుర్చీలో కూర్చున్న మనిషి, నాకు తెలియదు, నేర్పండి అన్నాడు. ఆ కేసు ఫలితంగానే 2022 ఆగస్టు 25న జాతీయ వైద్య కమిషన్ ఈ 'చికిత్స'ను వైద్యవృత్తి దుష్ప్రవర్తనగా ప్రకటించి రాష్ట్ర వైద్య మండళ్లకు రాసింది.

దాంతో డాక్టరు భయపడతాడు, అతనికి పోగొట్టుకునేందుకు రిజిస్ట్రేషన్ ఉంది. తాయెత్తు కట్టేవాడికి, దెయ్యం వదిలించేవాడికి, ఆశ్రమం నడిపేవాడికి పోయే లైసెన్సు ఏముంది? మన చట్టం తలుపు మూసింది ఆసుపత్రి వైపు. పిల్లల్ని తీసుకుపోతున్నది ఇంకో వైపు. మానవబలి, చేతబడి, దెయ్యం వదిలించే పేరుతో హింస లాంటివాటి మీద మహారాష్ట్ర 2013లో, కర్ణాటక 2017లో చట్టాలు చేశాయి. మన రాష్ట్రంలోనూ అలాంటిది కావాలని, అందులో ఈ పిల్లల మాట విడిగా రాయాలని మనం అడగాలి.

ఇంకో ఖాళీ ఉంది. 2024 డిసెంబర్‌లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, విజయవాడలో కలిసి ఉంటున్న ఇద్దరు యువతుల్లో ఒకరిని తండ్రి నర్సీపట్నం తీసుకుపోతే, ఆమె మేజరు, తన ఇష్టం వచ్చినవాళ్లతో ఉండవచ్చని చెప్పింది. 2025 మే 22న మద్రాసు హైకోర్టు ముందు వేలూరు జిల్లా పోలీసులు నిలబడవలసి వచ్చింది. ఇరవై ఐదేళ్ల యువతి. ఇంటివాళ్లు బలవంతంగా తీసుకుపోయి కొట్టారని, 'మామూలు' కావాలని తన చేత పూజలూ తంతులూ చేయించారని కోర్టులో చెప్పింది. వేలూరు మనకు పరాయి ఊరు కాదు. చిత్తూరువాళ్లం జ్వరమొచ్చినా, పెళ్లి బంగారం కొనాలన్నా పోయే ఊరు. కోర్టు ఆమెను విడిపించింది. కన్నకుటుంబమే కాదు, ఎంచుకున్న కుటుంబం కూడా కుటుంబమేనంది. అందరు తల్లులూ జస్టిస్ లీలా సేఠ్ లాంటివాళ్లు కాలేరని కూడా బాధపడింది. హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయిన తొలి భారతీయ మహిళ ఆమె, మగవాళ్లను కూడా ప్రేమించే తన కొడుకు విక్రమ్ సేఠ్ కోసం బహిరంగంగా నిలబడిన తల్లి.

ఈ రెండు కేసుల్లోనూ ఆ స్త్రీలు మేజర్లు. వాళ్ల ఇష్టమే వాళ్ల ఆయుధమైంది. పదిహేనేళ్ల బిడ్డకు ఆ ఆయుధం లేదు. వాణ్ణి ఎక్కడికి తీసుకుపోవాలో చట్టప్రకారం నిర్ణయించేది తల్లిదండ్రులే. విడిపించమని కోర్టులో హెబియస్ కార్పస్ వేసే ప్రియుడో ప్రియురాలో వాడికి ఉండరు. పద్దెనిమిది నిండేదాకా ఆ బిడ్డను బతికించి ఉంచవలసింది చుట్టూ ఉన్న పెద్దవాళ్లే: క్లాసు టీచరు, హాస్టల్ వార్డెను, పక్కింటి అత్త, ఆర్టీసీ కండక్టరు, నర్సు. ఆ కొన్నేళ్లు ఎంత పొడుగో ఆ వయసు దాటినవాళ్లం మరిచిపోతాం.

మన సంప్రదాయంలో వీళ్లకు చోటు ఉంది కదా అని కొందరు మిత్రులు అంటారు. నిజమే, ఆ మాట నాకూ ఇష్టమే. తిరుపతి గంగమ్మ జాతరలో మాతంగి వేషానికి మీసాలున్న మగవాళ్లు చీర కట్టి, పూలు పెట్టి, అమ్మలూ పెళ్లాలూ దగ్గరుండి ముస్తాబు చేస్తే తాతయ్యగుంటకు పోతారు. బ్రహ్మోత్సవాల్లో ఐదో రోజు ఉదయం సాక్షాత్తు శ్రీనివాసుడే మోహినిగా అలంకరించుకుని ఊరేగుతాడు. అన్నమయ్య వేల సంకీర్తనల్లో నాయికై మాట్లాడాడు. అయితే జాతరలో చీర కట్టినవాళ్లంతా గే కారు, గే పిల్లలంతా చీర కట్టుకోవాలనుకోరు. పైగా ఒక్కరోజు మొక్కుకు కొడుక్కి చీర కట్టి మురిసిపోయే తల్లే, మర్నాడు వాడి ఫోన్ చూసి గుండె బాదుకుంటుంది. పురాణంలో సాక్ష్యం దొరికితేనే బిడ్డకు బతికే హక్కు వస్తుందని నేను అనుకోను. దొరక్కపోయినా ఉంది. సాక్ష్యాలు వెతికేలోపు పిల్లవాడు బావి దగ్గరికి పోతే ఏం చేస్తాం?

బయటి దేశాల్లో ఏం జరిగిందో కూడా చూద్దాం. అమెరికాలో ఎక్సోడస్ ఇంటర్నేషనల్ అనే క్రైస్తవ సంస్థ 1976లో మొదలై, ప్రార్థనతో గే మనుషుల్ని మారుస్తామని దేశాలు దాటి విస్తరించింది. 2013లో దాని అధ్యక్షుడే క్షమాపణ చెప్పి దాన్ని మూసేశారు. కొందరు మారినట్టు కనిపిస్తోందని 2003లో వ్యాసం అచ్చువేసిన ప్రముఖ సైకియాట్రిస్టు రాబర్ట్ స్పిట్జర్, 2012లో తన వ్యాసం తప్పని ఒప్పుకుని క్షమాపణ కోరారు. మాల్టా, జర్మనీ, కెనడా, న్యూజిలాండ్ ఇలాంటి ప్రయత్నాలకు వ్యతిరేకంగా చట్టాలు చేశాయి. వీటికన్నా మాస్టారికి నచ్చిన కథ ఇంకొకటి ఉండేది. న్యూయార్కులో జీన్ మాన్‌ఫర్డ్ అనే స్కూలు టీచరు కొడుకు గే. 1972లో గే హక్కుల నిరసనలో అతన్ని కొట్టారు. ఆమె అట్ట మీద నాలుగు మాటలు రాసుకుని కొడుకు పక్కన వీధిలో నడిచింది. అది చూసి వేరే పిల్లలు వచ్చి, మా అమ్మతో మాట్లాడవా అని ఏడ్చారట. మరుసటి సంవత్సరం మార్చి 11న ఓ ఇరవై మంది తల్లిదండ్రులు ఒకచోట కూర్చున్నారు. ఎక్కడో తెలుసా? ఒక మెథడిస్టు చర్చిలో. దేవుడి ఇల్లు ఆ పనికి కూడా వస్తుంది. మన దేశంలో ముంబైలో పుట్టిన స్వీకార్ అనే తల్లిదండ్రుల బృందం 2023లో, నాలుగు వందల మందికి పైగా కలిసి, తమ పిల్లల పెళ్లి హక్కు కోసం భారత ప్రధాన న్యాయమూర్తికి లేఖ రాసింది. తెలుగులో, మన జిల్లాలో అలాంటి బృందం కావాలని మాస్టారు చివరి రోజుల్లో కూడా అంటూ ఉండేవారు. కాకపోతే ఆయన బృందం కోసం కూర్చోలేదు. ఒక్కో ఇంటికి వెళ్లారు.

ఆ టమోటా రైతు ఇంటికి ప్రతి ఆదివారం బస్సెక్కి వెళ్లేవారు. మొదటిరోజు మేనమామ గేటు దగ్గరే నిలబెట్టి తిట్టాడు. మాస్టారు నీళ్లు అడిగి తాగి వచ్చేశారు. మళ్లీ ఆదివారం వెళ్లారు. పశువుల కొట్టం దగ్గర మంచం మీద కూర్చునేవారు. కొడుకు మాట ఆయన ఎత్తేవారు కాదు. మదనపల్లె మార్కెట్టులో ధర, ఆకుముడత తెగులు, బోరులో నీళ్లు, ఇవే. నేను రెండుసార్లు తోడు వెళ్లాను. నాకు ఓపిక ఉండేది కాదు. ఎందుకు సార్ అసలు విషయం అడగరు అంటే, ఆయనే అడగాలమ్మా, నేను అడిగితే నేను కూడా పంతం పట్టి వచ్చినవాణ్ణే అవుతాను అన్నారు. ఎన్నో వారమో గుర్తులేదు, ఆ తండ్రే అడిగాడు: 'సార్, మావోడిది ఏమి జబ్బు?'

తిరుపతిలో ఒక సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకుపోయాం. కొడుకును కాదు, తండ్రిని. ఇది జబ్బు కాదని, ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990 మే 17నే జబ్బుల పట్టిక నుంచి తీసేసిందని, దీనికి మందు లేదని, మందు అక్కర్లేదని ఆ డాక్టరు మెల్లగా చెప్పారు. ఆయన చాలాసేపు నేల చూసి, 'రోగమే కాకపోతే, మరి మేం బిడ్డను యాడ యాడికి తిప్పినాం సార్?' అన్నాడు. ఆ గదిలో ఎవరమూ జవాబు చెప్పలేకపోయాం.

అంతటితో అంతా సర్దుకుందని నేను చెప్పను. తల్లికి ఇంకా ఏడాది పట్టింది. మేనమామ ఇప్పటికీ ఆ ఇంటి గడప తొక్కడు. 2020 లాక్‌డౌన్‌లో హాస్టళ్లు మూసేసి పిల్లలందరూ ఇళ్లకు చేరినప్పుడు మేడగది ఫోన్ రాత్రిళ్లు మోగుతూనే ఉండేది, మేం ఎక్కడికీ కదల్లేని రోజులవి. ఆ మే నెలలోనే గోవాలో ఒక కేరళ విద్యార్థిని చనిపోయింది. ఇరవై ఒక్క ఏళ్లు. తనను ఇంటివాళ్లు బలవంతంగా డీఅడిక్షన్ కేంద్రాల్లో పెట్టి మందులిప్పించారని అంతకుముందే వీడియోలో చెప్పుకుంది. ఆ వార్త చదివిన రోజు మాస్టారు 1994 నాటి హాజరు పట్టీలో ఆ అమ్మాయి పేరు గుర్తుచేసుకుంటూ కూర్చున్నారు.

ఇప్పుడు ఒక నంబరు రాసుకోండి: 14416. టెలీ మానస్. 2022 అక్టోబర్ నుంచి ప్రభుత్వం నడుపుతున్నది, తెలుగులో మాట్లాడతారు. పిల్లలకు 1098. వెనక వరసల్లో ఉన్న పిల్లలు రాసుకోవడానికి జంకితే, ముందు వరసల్లో ఉన్న పెద్దవాళ్లు రాసుకోండి, అందరూ రాసుకుంటుంటే వాళ్లకూ ధైర్యం వస్తుంది.

చివరగా ఒక నోటుబుక్కు సంగతి. స్కూలు పిల్లలు వాడే రెండు వందల పేజీల బుక్కు. మాస్టారు దానికి హాజరు పట్టీలాగా గీతలు గీశారు: పేరు, ఊరు, ఏ బస్సు ఎక్కాలి, ఏ వేళకు రావచ్చు. రాత్రిపూట ఒక బిడ్డ తలుపు తడితే తీస్తామని, ప్రశ్నలు వేయమని, అన్నం పెట్టి 24 గంటల్లో సరైనవాళ్లకు చెబుతామని మాటిచ్చినవాళ్ల పట్టిక అది. అందులో ఒక ఆటో డ్రైవరు ఉన్నాడు. ఒక నర్సమ్మ ఉంది. హాస్టల్లో వంట చేసే ఆమె ఉంది. ఒక పాస్టరుగారు ఉన్నారు, ఒక గుడి పూజారిగారు ఉన్నారు, ఆ ఇద్దరి పేర్లూ ఒకే పేజీలో పక్కపక్కన ఉన్నాయి. పేర్లు చదవను. సభ అయ్యాక చేరదలచినవాళ్లు నన్ను విడిగా కలవండి.

ఆఖరి పేరు మాత్రం మాస్టారి చేతిరాత కాదు. ఆయన పోయిన పదో రోజున, భోజనాలయ్యాక, ఆ టమోటా రైతు నా దగ్గరికి వచ్చి ఆ బుక్కు అడిగాడు. కొడుకు ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాడు, దసరాకు ఇంటికి వస్తాడు. ఆయన మంచం మీద కూర్చుని, బుక్కు మోకాలి మీద పెట్టుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ రాశాడు. 'ఏ వేళకు రావచ్చు' అన్న గడిలో చోటు చాలక పక్క పేజీలోకి పోయింది. అక్కడ ఇలా ఉంది: మా ఊరికి ఆఖరి బస్సు రాత్రి ఎనిమిదికి. అది తప్పితే ఫోన్ చెయ్యండి. యాడున్నా సరే, బండి ఏసుకోని నేనే వస్తా.